రెండక్షరాలతో మొదటి పాఠం: జార్జియా గోగెబాష్విలి పద్ధతి మన ఒకటో తరగతిలో కుదురుతుందా?

కావలి టీచరమ్మ అడిగింది:

అందరికీ నమస్కారం. కావలికి తూర్పున, సముద్రం గాలి తగిలే ఊళ్లో ప్రైమరీ స్కూలు టీచర్ని. ఒకటో తరగతిలో 11 మంది. సగం మంది నాయనలు రొయ్యల గుంటల మీద కాపలా ఉంటారు, మిగతావాళ్లు వేటకు పోతారు.

మా అక్క కూతురు ఎంబీబీఎస్‌కని రష్యా పక్కనుండే జార్జియా దేశం పోయి రెండేళ్లయింది. (జార్జియా అంటే అమెరికాలోది అనుకున్నా అప్పట్లో. నవ్వొద్దు.) వాళ్ల రాజధాని తిబిలిసిలో వీళ్లు అద్దెకుండే ఇంటి ఓనరమ్మ చిన్నప్పటి వాచకం ఒకటి దాచుకునుందంట. అందులో మొదటి పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపించింది, "పిన్నీ, నీకు పనికొస్తుందేమో చూడు" అని.

పేజీలో ఊదారంగు పువ్వు బొమ్మ. దాని కింద రెండు మాటలు. అక్షరాలు జిలేబీ చుట్టలే, మన లిపిని తమిళోళ్లు అట్టాగే ఎక్కిరిస్తారు గదా, నాకు మళ్లీ ఇంకెవర్నో ఎక్కిరించే యోగం పట్టింది. అది "ఆయ్ ఇయా" అని చదవాలంట. ఆయ్ అంటే ఇదుగో. ఇయా అంటే వయొలెట్ పువ్వు. ఇదుగో పువ్వు. అంతే పాఠం. వాడిన అక్షరాలు రెండే, ఆ, ఇ. అటు నుంచి రాస్తే ఒక మాట, ఇటు నుంచి రాస్తే ఇంకో మాట.

బడి తెరిచి మూడో నెల ఇది. నా పిల్లలు "అం అః" దగ్గరున్నారు. వాళ్లలో ఒక్కరికీ ఒక్క మాట చదవడం రాదు. "ఋ" దిద్దిస్తా ఉంటే ఒకడు "ఇది దేనికి టీచర్?" అన్నాడు. ఋషి అన్నా. వాడు ఋషిని యాడ జూశాడు? కొత్త పుస్తకాల్లో బొమ్మలు, మాటలు ఉన్నాయి, కాదనను. కానీ ఇంటికాడ పరీక్ష వేరు. అ నుంచి ఱ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెబితేనే చదువొచ్చినట్టు. పోయిన నెల ఒకామె "ఇన్నాళ్లయినా అక్షరాలన్నీ రాలేదు" అని పిల్లను తీసుకుపోయి బస్సొచ్చే కాన్వెంట్లో వేసింది. తనిఖీకి వచ్చిన సారు కూడా అదే అడిగాడు, "అ నుంచి చెప్పమ్మా" అని.

ఆ వాచకం రాసినాయన పేరు యాకోబ్ గోగెబాష్విలి అని మా పిల్ల చెప్పింది. నా ప్రశ్నలు రెండు. ఆయన వల్ల అక్కడి బళ్లు నిజంగా మారాయా, పుస్తకం పేరొక్కటే మిగిలిందా? అక్షరాల వరస పక్కనబెట్టి ఇట్టా మాటతో మొదలుపెట్టడం తెలుగులో ఎవరైనా చేసి చూశారా?

రిటైర్డ్ హెచ్చెమ్, దర్గామిట్ట:

అమ్మా, నేను రిటైరై చాన్నాళ్లయింది. ఉద్యోగం కొత్తలో, తెలుగులోకొచ్చిన రష్యా పుస్తకాలు అమ్మే విశాలాంధ్ర వ్యాన్ నెల్లూరొస్తే జీతంలో కొంత అక్కడే పోయేది. రష్యా విద్యావేత్తల పేర్లు నాకు అట్టా తెలిశాయి. కాబట్టి కొంచెం పెద్ద జవాబు రాస్తా, ఓపిగ్గా చదువుకో.

జార్జియాను 1801లో రష్యా జారు తన రాజ్యంలో కలిపేసుకున్నాడు. పోనుపోను సర్కారు బళ్లలో రష్యన్‌దే పెత్తనమైంది. ఇంట్లో రష్యన్ ముక్క వినని పల్లె పిల్లోడు మొదటిరోజు నుంచీ అర్థంకాని మాటల్ని బట్టీ కొట్టాలి. గోగెబాష్విలి 1840లో గోరి పట్టణం దగ్గర వరియాని అనే పల్లెలో పుట్టాడు. తండ్రి చర్చి పూజారి. గోరి పేరు యాడో విన్నట్టుందా? స్టాలిన్ పుట్టిన ఊరు. ఇద్దరూ చదివింది గోరి చర్చి బడి, తిబిలిసి సెమినరీ (చర్చి పూజారుల్ని తయారుచేసే బడి). కాకపోతే స్టాలిన్ ఒక తరం తర్వాతివాడు. ఒకే బడి ఎట్టాంటివాళ్లనైనా తయారుచేస్తుంది మరి.

గోగెబాష్విలి కీవ్‌లో పై చదువు చదివొచ్చి తిబిలిసిలో పంతులయ్యాడు. 1865లోనే ఒక అక్షరాల పుస్తకం వేశాడు. 1868లో ప్రకృతి గురించి పిల్లల వాచకం. 1874లో పైవాళ్లు ఉద్యోగం పీకేశారు. మనం ట్రాన్స్‌ఫర్ ఆర్డరొస్తేనే రెండ్రోజులు అన్నం మానేస్తాం. ఆయన రెండేళ్లు తిరక్కుండా, 1876లో, మీ పిల్ల ఫొటో పంపిన ఆ వాచకం తెచ్చాడు. పేరు "దేదా ఎనా", అంటే తల్లి భాష. తెచ్చి ఊరుకోలా. 1912లో కన్నుమూసేదాకా దిద్దుతూ, మార్చుతూ మళ్లీమళ్లీ అచ్చేయించాడు. ఆ ఒక్క పని చాలు, ఆయన్ని నేను పంతులని ఒప్పుకోడానికి.

ఇంకో సంగతి వింటే నీకు నవ్వొస్తుంది. ఆయనకు దారి చూపిన గురువు రష్యావాడే. కాన్‌స్టాంటిన్ ఉషిన్‌స్కీ. 1864లో "రొద్నొయె స్లొవొ" అని రష్యా పిల్లలకు వాచకం రాశాడు. సొంత నుడి అని దాని అర్థం. చదువు ఇంటి భాషలో మొదలవ్వాలి, అక్షరం పేరు కాదు దాని చప్పుడు నేర్పాలి, తెలిసిన మాటను విడగొట్టి చెవికి వినిపించి మళ్లీ కలిపించాలి అన్నది ఆయన పద్ధతి. గోగెబాష్విలి ఆ మాటను పట్టుకున్నాడు. రష్యా పిల్లకు రష్యన్‌లో మొదలవ్వాలంటే, జార్జియా పిల్లకు జార్జియన్‌లోనే గదా మొదలవ్వాలి? వాళ్ల వేలితో వాళ్ల కన్నే పొడిచాడు.

చప్పుడు నేర్పడం అంటే ఏందో చెప్తా. జార్జియా అక్షరాలకు పేర్లున్నాయి, ఆన్, బాన్, గాన్ అని. పాత పద్ధతిలో "ఇన్, ఆన్" అని పలికి, దాన్ని "ఇయా" అని చదవాలి. ఆ "న్"లు ఎటు పోయాయో పిల్లకు తెలియదు. మనకు ఆ బాధ లేదనుకోకు. "లకు గుడిస్తే లి, కకు కొమ్మిస్తే కు" అని మనం పాడించేది ఇంచుమించు అదే. గుడి ఏంది, కొమ్ము ఏంది, పిల్లకు ఏం తెలుసు?

నీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు: సర్కారు బళ్లను ఆయన మార్చలేకపోయాడు. 1880ల్లో అక్కడి విద్యాశాఖ పట్టు ఇంకా బిగించింది. మారింది సర్కారు బయట. 1879లో రచయిత ఇలియా చావ్‌చవాద్జే లాంటి పెద్దలు జార్జియన్లలో చదువు వ్యాపింపజేసే సంఘం ఒకటి పెట్టారు. అది బళ్లు తెరిచింది, పుస్తకాలు అచ్చేసింది. గోగెబాష్విలి అందులో ముందువరసలో ఉన్నాడు. బడి మూసినా పుస్తకం ఇంట్లో ఉంటుంది, అమ్మ దగ్గరుంటుంది. అట్టా నిలబడింది.

ఆయన రష్యన్ వద్దన్నాడని మాత్రం అనుకోవద్దు. జార్జియా పిల్లలకు రష్యన్ నేర్పే పుస్తకం కూడా తనే రాశాడు, 1887లో. ముందు ఏది, తర్వాత ఏది అన్న చోటే ఆయన పేచీ. మన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర అనే గిరిజనుల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్లు పెట్టి, సవరలోనే పాఠాలు చెప్పించారు గదా. అదే దారి.

లెక్కల మాస్టర్, ఒంగోలు:

హెచ్చెమ్ గారి మీద గౌరవంతోనే రాస్తున్నా. జార్జియా లిపిలో అక్షరాలు 33. పెద్దక్షరాలు చిన్నక్షరాలు లేవు, గుణింతం లేదు, వత్తు లేదు. ఒక చప్పుడుకు ఒక అక్షరం, వరసగా పేర్చుకుంటూ పోవడమే. మనకు 56 అక్షరాలు, వాటి మీద గుణింతాలు, వాటి కింద వత్తులు. "అమ్మ" అని రాయాలన్నా మావత్తు కావాలి. వాళ్ల పద్ధతి వాళ్ల లిపికి కుదిరింది, మన నెత్తిన రుద్దితే కుదరదు.

రెండే అక్షరాలతో, గుణింతం వత్తు లేకుండా, అర్థమున్న రెండు మాటల పాఠం తెలుగులో ఒక్కటి చూపించండి. ఒప్పుకుంటా.

తిబిలిసి మెడికో:

మేడమ్, నాది ఒంగోలే, ఇక్కడ నాలుగో సంవత్సరం. హాస్పిటల్లో పేషెంట్లతో మాట్లాడాలి కాబట్టి మాకు జార్జియన్ నేర్పుతారు. మొదటి క్లాసులో మా టీచర్ బోర్డు మీద రాసింది "ఆయ్ ఇయా"నే. ఇరవై ఏళ్ల గాడిదలం 30 మందిమి కోరస్‌గా చదివాం. సిగ్గేసింది, కానీ క్లాసు అయ్యేసరికి ఒక భాషలో ఒక వాక్యం చదవడం వచ్చేసింది.

ఇక్కడ దేదా అంటే అమ్మ. మామా అంటే నాన్న! సూపర్ మార్కెట్లో ఒక పిల్లోడు వాళ్ల నాన్న వెనకాల "మామా, మామా" అని పరిగెత్తుతుంటే మేమంతా నవ్వు ఆపుకోలేక చచ్చాం. ఎనా అంటే భాష, నోట్లో నాలుక కూడా అదే. మొదటి ఏడాది అనాటమీలో నాలుక పాఠం వచ్చినప్పుడు నాకు ఆ వాచకమే గుర్తొచ్చింది.

ఊళ్లో దేదా ఎనా పేరుతో పార్కు ఉంది. సాయంత్రమైతే కుర్రాళ్లు స్కేట్‌బోర్డులేసుకుని చేరతారు. ఏప్రిల్ 14 ఇక్కడ భాషాదినోత్సవం. 1978లో సోవియట్ వాళ్లు రాజ్యాంగంలోంచి జార్జియన్‌కున్న అధికార భాష హోదా తీసేయబోతే, ఆ రోజు విద్యార్థులు వేలమంది తిబిలిసి రోడ్ల మీదకొచ్చారు. సర్కారు వెనక్కి తగ్గింది. హెచ్చెమ్ సార్ అన్నట్టు బడి బయట నిలబడింది కాబట్టే, వందేళ్ల తర్వాత కూడా జనం అట్టా వచ్చారేమో.

గోగెబాష్విలి పిల్లలకు రాసిన కథ ఒకటి మా టీచర్ చెప్పింది. చిన్నప్పుడే దొంగలెత్తుకుపోయిన ఆడపిల్ల పెరిగి పెద్దదై తిరిగొస్తుంది. భాష మరిచిపోయింది, తల్లిని గుర్తుపట్టదు. తల్లికి ఏం చేయాలో తోచక ఉయ్యాల పాట ఎత్తుకుంటుంది. అప్పుడు పిల్లకు గుర్తొస్తుంది. హాస్టల్ కొచ్చి మా అమ్మకు ఫోన్ చేశా, ఊరకే.

మార్కాపురం పలక:

మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. ఇంట్లో గోడకు ఆనించి పలకలే పలకలు, అయినా నేను రెండో తరగతి దాకా చదవలేకపోయా. "అ" మీద దిద్ది దిద్ది బలపం అరిగింది గానీ అది దేనికో ఎవరూ చెప్పలా. టీచరమ్మ గారూ, ఆ 11 మందికీ రాతి పలకలు నేను పంపిస్తా. ఇప్పుడు అడిగేవాళ్లే తక్కువయ్యారు.

అక్షరదీపం వాలంటీర్, కలిగిరి వైపు:

ఎక్కడో జార్జియా దాకా ఎందుకమ్మా, మన నెల్లూరు జిల్లాలోనే ఒక వాచకం ఏం చేసిందో ఈ తరానికి చెప్పేవాళ్లు లేరు. 1990ల మొదట్లో అక్షరదీపం అనే పెద్దల చదువు కార్యక్రమం కింద నేను రాత్రి బడి నడిపా. అప్పటికి నాకు పెళ్లి కాలా. లాంతరు చుట్టూ పదిహేను మంది ఆడోళ్లు, కూలికి పోయొచ్చి, సగం నిద్రలో. వాచకంలో "సీతమ్మ కథ" అని పాఠం. మొగుడి సారా వల్ల సీతమ్మ పడ్డ పాట్లు. ఆ పాఠం వచ్చిన రోజు ఎవరికీ నిద్ర రాలా. "ఇది మన కథే గదమ్మే" అని ఒకామె అంటే ఇంకొకామె పుస్తకం లాక్కుని తనే కూడబలుక్కుంటా చదివింది. అంతకుముందు వారం పేరు రాయమంటే చెయ్యి వణికిన మనిషి.

దూబగుంటలో ఆడోళ్లు సారా కొట్టు మూయించారన్న కబురు వచ్చేసరికి మా ఊళ్లోనూ కదిలారు. జిల్లా అంతా కదిలింది, తర్వాత రాష్ట్రం. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం. చదివేది తన బతుకు గురించైతే అక్షరం ఎంత తొందరగా పట్టుబడుతుందో నేను కళ్లారా చూశా. మీ పిల్లలకు కూడా వాళ్ల మాటే పెట్టండి. మీ వైపు "ఉండాది" అంటే "ఉండాది" అనే రాయండి ముందు. "ఉంది" తర్వాత అదే వస్తుంది.

కావలి టీచరమ్మ (మూడు వారాల తర్వాత):

అందరికీ దండాలు. పలకలొచ్చాయి, ఒక్కటి కూడా పగల్లా. జరిగింది చెప్తా.

లెక్కల మాస్టారి సవాలు నాలుగు రోజులు తల తిన్నది. వంట చేస్తా కూడా అక్షరాలు కలుపుకుంటా ఉన్నా. తల, వల, అల అన్నీ విడివిడి మాటలే, పక్కపక్కన పెడితే ఏమీ చెప్పవు. జవాబు మధ్యాహ్న భోజనం దగ్గర దొరికింది. అందరి పళ్లేల్లో గుడ్డు పడింది. మా ఊళ్లో చేపలెండే కాలంలో ఈగల సంగతి మీకు చెప్పక్కర్లా. ఒక పిల్ల "టీచర్, ఈగ! ఈ ఈగ జూడు!" అని అరిచింది.

ఈ ఈగ.

అక్షరాలు రెండే, ఈ, గ. గుణింతం లేదు, వత్తు లేదు. మాటలు రెండు, అర్థం ఉంది. జార్జియా వాళ్లకు పువ్వు దొరికింది, మనకు ఈగ దొరికింది, ఏం చేస్తాం.

చేతులు కడుక్కుని వచ్చాక బోర్డు మీద రాశా. ముందు నోటితో విడగొట్టించా, "ఈ... గ". తర్వాత అక్షరం చూపించా. పావుగంటలో తొమ్మిది మంది చదివారు. మిగతా ఇద్దరూ ఈగల్ని కొడతా తిరిగారు, అయినా నోట్లో "ఈ ఈగ, ఈ ఈగ" అనే ఉంది. మర్నాడు "ఆ" చేర్చా. ఎగిరిపోయింది గదా, "ఆ ఈగ". ఆ మర్నాడు "క". ఒకడు కాకి ఈక పట్టుకొచ్చాడు, ఇంకొకడు కోడిది. "ఈ ఈక, ఆ ఈక." తర్వాత "ల". ఈల. ఈ పాఠం మాత్రం పెట్టకుండా ఉండాల్సింది, పక్క తరగతి సారు రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. కల, కలకల, గలగల. ఐదక్షరాలతో వారం గడిచింది.

అంతా బాగుందని చెప్పను. ఒక నాయన గుంట మీద నుంచి ఫోన్ చేసి "ఈగలూ ఈకలూ ఏంది టీచర్, అ ఆలు చెప్పరా?" అన్నాడు. ఇద్దరు పిల్లలు బొమ్మ చూసి ఊహించి చెప్తున్నారు, బొమ్మ మూస్తే చదవలేరు. వర్ణమాల చార్టు గోడకు అట్టాగే ఉంచా, రోజూ పొద్దున ఒకసారి పాటలాగా పాడుకుంటున్నాం. తనిఖీ సారు వస్తే అది చాలు. పొడుపు కథలు కూడా మొదలుపెట్టాం. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అనగానే 11 మందీ కళ్లు ఆర్పుతారు.

మొన్న బుధవారం సంగతి చెప్పి ఆపుతా. వంటామె రాలేదు, అన్నం ఆలస్యమైంది. "ఋ దేనికి" అని అడిగిన ఆ పిల్లోడే పలక తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. "ఆకల" అని రాసుంది. వాడికి నేను ఎప్పుడూ నేర్పని మాట. ఆ, క, ల, మూడూ వాడికి తెలుసు. చదవమన్నా. "ఆకల..." అని ఆగి, మళ్లీ చదివి, "కాదు టీచర్, ఇది ఆకలి కాలా. లకు ఇంకేందో కావాలి" అన్నాడు.

ల మీద గుడి పెట్టి ఇచ్చా. వాడు పలకను అందరికీ చూపించుకుంటా తిరిగాడు, అన్నం వచ్చేదాకా.

లెక్కల మాస్టర్, ఒంగోలు:

ఈ ఈగ... సరే మేడమ్, ఒప్పుకున్నా. దసరా సెలవులయ్యాక వత్తుల దగ్గర ఏం చేస్తారో కూడా రాయండి. "అన్నం"తో మొదలుపెడతారని నా అనుమానం.